బావ ఏరిన క్రాష్ ప్లేటు

గరివిడిలో రైలు దిగి డ్రమ్ముల శాంతికుమార్ ఇల్లెక్కడా అని అడిగితే, ఆటోవాడు కిరాయి మాట్లాడకముందే దారి చెప్పేసేవాడు. అంత పేరు. ప్లాంటులో ఫర్నేసు దగ్గర ఫిట్టరు పని, నలభై దాటిన వయసు, ఒంట్లో ఇంకా ఎద్దు బలం. బాప్టిస్టు గుడిలో వాళ్ల నాన్న కృపానిధి ఢోలక్ వాయించేవాడు. ఆయన పోయాక గుడివాళ్లు చందాలేసుకుని డ్రమ్ముసెట్టు కొంటే, దాని వెనక స్టూలు మీద శాంతికుమార్ కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. పెళ్లికి కూడా, ఎవరి పెళ్లికో కాదండీ, తన పెళ్లికే, పాట మధ్యలో లేచి దండ వేయించుకుని మళ్లీ వెళ్లి స్టూలెక్కేశాడని పెళ్లాం రూబీ ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి గుడి మనిషి గొంతు చించుకుని అరిచే రాక్ పాటల్లో, మెటల్ పాటల్లో ఎలా పడ్డాడయ్యా అంటే, అదంతా ధర్మేంద్ర పుణ్యం. ధర్మేంద్ర పక్క ఊరి వరి రైతు గణపతిరావు కొడుకు. విజయనగరంలో ఇంజనీరింగు చదివి, ఉద్యోగం వెతుక్కోమంటే ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కొచ్చాడు. ఇంకో ఇద్దర్ని పోగేసి, డ్రమ్ములకి శాంతికుమార్ని బతిమాలి, నాన్న ధాన్యం గొడౌనులో బ్యాండు మొదలెట్టాడు. బ్యాండు పేరు ఇనపగోల. శాంతికుమార్ దెబ్బకి పైన రేకుల మీద దుమ్ము రాలేది. "మీ గోలకి గొడౌన్లో ఎలకలు పోయినాయిరా, అదొక్కటే లాభం" అనేవాడు గణపతిరావు. ఆదివారం గుళ్లో స్తుతి పాటలు, సోమవారం గొడౌన్లో కేకల పాటలు. రెండింటికీ స్టూలు మీద ఒకడే మనిషి. ఆ స్టూలే శాంతికుమార్‌కి సింహాసనం. ప్లాంటులో వాడు వందమందిలో ఒకడు. స్టూలు మీద మాత్రం వాడొక్కడే.

అక్కడికి ఫిన్నీ వచ్చాడు.

ఫిన్నీ రూబీకి తమ్ముడు. కోటబొమ్మాళి వాడు. డిప్లొమా అయ్యాక ప్లాంటులో అప్రెంటిసు దొరికితే, అక్కా బావల ఇంట్లోనే దిగాడు. వాడికి డ్రమ్ములు నేర్పింది ఎవరనుకున్నారు? శాంతికుమారే. పెళ్లైన కొత్తలో అత్తారింటికి వెళ్లినప్పుడల్లా నూనె డబ్బాలు బోర్లించి, "ఇలా కొట్టరా, ఇలా" అని చేతులు పట్టి నేర్పాడు. ఏకు మేకై కూర్చోడం అంటే ఇదేనని అప్పుడు శాంతికుమార్‌కేం తెలుసు!

మొదటి సాయంత్రం గొడౌన్లో ధర్మేంద్ర ఊరికే, "నువ్వూ ఒక పాట కొట్టరా" అన్నాడు ఫిన్నీని. వాడు కూర్చున్నాడు. మోచేతుల నుంచి కాదు, మణికట్ల నుంచి కొట్టాడు. శాంతికుమార్ భుజం లేపి బాదే చోట వాడు పుల్ల అలా తగిలించి తీసేస్తున్నాడు. కాళ్లు రెండూ పెడళ్ల మీద కుట్టుమిషను తొక్కినట్టు ఆడుతున్నాయి. పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నోళ్లు తెరుచుకుని చూశారు. చప్పట్లు కొట్టినా బాగుండేది. ఆ నోళ్లు తెరవడం చూసి శాంతికుమార్ కడుపులో పచ్చి మిరపకాయలు నూరినట్టైంది.

"ఓర్నాయనో! ఎక్కడ దాసినావు మావా ఈడ్ని?" అన్నాడు ధర్మేంద్ర.

"నేనే నేర్పినాను" అన్నాడు శాంతికుమార్ నవ్వుతూ. ఆ నవ్వు తెచ్చిపెట్టుకోడానికి వాడు పడ్డ పాట్లు దేవుడికెరుక.

ఇంటికొస్తే అక్కడా అదే. చేపల పులుసు వండితే తలకాయ ముక్క శాంతికుమార్ కంచంలో పడడం పెళ్లైన దగ్గర్నించీ ఉన్న ఆచారం. ఆ రాత్రి రూబీ గరిటె తిప్పి తిప్పి ఆ తలకాయ తీసుకెళ్లి తమ్ముడి కంచంలో వేసింది. "ఒరే తినరా, సిక్కిపోయినావు. ధర్మేంద్ర ఫోన్ సేసినాడు. నువ్వు కొడితే ఇనాలట గదా!" అంది. ఫిన్నీ ఆ ముక్కని తీసి బావ కంచంలో వేయబోయాడు. శాంతికుమార్ చెయ్యి అడ్డం పెట్టి, "నాకొద్దురా, ముళ్లు" అన్నాడు. తలకాయలో ముళ్లేటండీ! కుళ్లు. దానికి ఇంకో పేరు పెట్టి ముద్దు చేయక్కర్లేదు. వాడు నిద్రపోతున్నా, వాడు వేళ్లతో బల్ల మీద టకటకలాడించినా, వాడు పొద్దున్నే పళ్లు తోముకుంటూ కూనిరాగం తీసినా, శాంతికుమార్‌కి ఒళ్లు మండేది. అంత మంటలోనూ వాడి మీద ఒక్క తప్పు దొరకలేదు. దొరికుంటే కాస్త చల్లారేది.

ఇలా ఉండగా క్రాష్ ప్లేటు విరిగింది. క్రాష్ అంటే డ్రమ్ముసెట్టు పక్కన స్టాండుకి బిగించి ఉండే కంచు పళ్లెం. పాట మలుపు తిరిగే చోట దాని అంచు మీద ఒక్కటేస్తే ఝామ్మని విచ్చుకోవాలి. మెటల్ పాటకి అది లేకపోతే పోపు లేని పప్పే. పాతదానికి ఎప్పుడో బీట వస్తే, శాంతికుమార్ ప్లాంటుకి తీసుకెళ్లి, బీట చివర చిన్న బెజ్జం వేయించి, అది ఇంకా పాకకుండా ఆపాడు. ఇప్పుడు ఆ బెజ్జమూ దాటి చీలిపోయింది.

"కొత్తది కొందాం మావా" అన్నాడు ధర్మేంద్ర. "విజయనగరంలో కాలేజీ పండగకి బ్యాండుల పోటీ ఉన్నాది. పేరిచ్చేసినాను." అక్కడితో ఆగితే బాగుండేది. తల గోక్కుని, "మరి మావా, కొత్త ప్లేటొచ్చినాక ఇద్దరూ సెరో పాట కొట్టండి. ఎవరిది బాగుంటే ఆళ్లు పోటీలో కూకుంటారు. ఏటంటావు?" అన్నాడు.

ఏటంటాడు? "బాగానే ఉన్నాదిరా" అన్నాడు. సైకిలు మీద ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆ మాటే నమిలాడు. తను లేకపోతే బ్యాండే లేదు. తను నేర్పకపోతే వాడే లేడు. ఇప్పుడు వాడితో పరీక్షా! స్టూలు పోతే తనకేం మిగులుతుంది? ఫర్నేసు వేడి, షిఫ్టు సైరను. ఇంకేం లేదు. ఆ మాట తల్చుకుంటే వాడికి నిజంగానే ఏడుపొచ్చింది.

ముగ్గురూ కలిసి పాసింజరు పట్టుకుని విశాఖ వెళ్లారు. వాద్యాల కొట్టులో గోడ పొడుగునా ప్లేట్లు వేలాడుతున్నాయి, పెళ్లివారి సామాన్ల కొట్టులో పళ్లేలున్నట్టు. కొట్టాయన పుల్లలిచ్చి, "కొట్టి చూసుకోండి, మొహమాటం లేదు" అన్నాడు.

ఫిన్నీ పద్ధతి చూడాలి! ఒక్కో ప్లేటూ స్టాండుకి పెట్టి, అంచు మీద పుల్లని జారవిడిచినట్టు కొట్టి, రెండో చేత్తో పట్టుకుని మోత ఆపుతున్నాడు. తర్వాత ధర్మేంద్ర చేతికి పుల్లిచ్చి, తను గుమ్మం దాకా వెళ్లి నిలబడి వింటున్నాడు. "దగ్గర ఒకలా ఉంటాది, దూరం నుంచి ఒకలా ఉంటాది. ఇనేవోళ్లు దూరంగానే ఉంటారు గదా" అన్నాడు. చివరికి పదహారు అంగుళాలది, పల్చటిది ఒకటి ఏరాడు. తగిలీ తగలగానే ఝామ్మని విచ్చుకుని, అంతలోనే సర్దుకుంది.

"ఇదే బావా. మన పాటలు జోరు గదా, ఒక దెబ్బ ఆరకముందే ఇంకోటి పడతాది. ఇది ఎంటనే పలికి ఎంటనే తప్పుకుంటాది. గిటారుకి అడ్డురాదు. నువ్వూ ఓపాలి కొట్టి సూడు."

శాంతికుమార్ కొట్టాడు. ఏం చెప్పమంటారు! ప్రాణం లేచొచ్చింది. తన చేతి కింద ఇన్నేళ్లలో ఏ ప్లేటూ అంత బాగా పలకలేదు. ముఖం దానంతటదే వెలిగింది. మరుక్షణం పక్కన ఫిన్నీ కూడా అలాగే వెలిగిపోతూ నిలబడి ఉండడం కనిపించింది. ఇది వాడి మణికట్టుకి దొరికితే ఇంకేముంది! ధర్మేంద్ర నోరు ఆ రోజు తెరుచుకున్నది మళ్లీ మూతపడదు.

అప్పుడు పక్క వరసలో ఇంకోటి కనబడింది. పెద్దది, మందం, ఎత్తితే బరువు. శాంతికుమార్ దాన్ని వేలి కణుపుతో తట్టాడు. తట్టగానే అర్థమైపోయింది. ఇది సుతారపు చేతికి లొంగేది కాదు. అలా తగిలించి తీస్తే ఠంగుమని ఊరుకుంటుంది. భుజం లేపి బాదితేనే విచ్చుకుంటుంది. అంటే తన భుజానికే. ఆ ఆలోచనని వాడు పిలవలేదు. కానీ వచ్చినదాన్ని పొమ్మనలేదు సరికదా, పీట వేసి కూర్చోబెట్టాడు.

"ధర్మేంద్రా, మీ మామ్మ సంతలో కంచుగిన్నె ఎలా కొంటాదిరా?" అని అడిగాడు.

"ఏలు కణుపుతో కొట్టి సెవి కాడెట్టుకుంటాది. ఎక్కువసేపు మోగితే మంచి కంచంటాది. ఏం మావా?"

"మరిదేటి, కంచు కాదేటి?" అంటూ మందపు ప్లేటు మీద పుల్ల ఎత్తి బలంగా ఒక్కటి వేశాడు. కొట్టంతా దద్దరిల్లింది. ముగ్గురూ నిలబడి విన్నారు. మోగుతోంది, మోగుతోంది, ఇంకా మోగుతూనే ఉంది. అది పూర్తిగా చల్లారాక పల్చటిదాన్ని కొట్టాడు. అది పలికింది, పోయింది. "సూసినావా తేడా? ఏది కంచు, ఏది రేకు?"

మన వైపు ఈ పరీక్షకి ఎదురు చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు. బుడితి ఊరి కంచు చెంబుకైనా, సంతలో కంచానికైనా, తరతరాలుగా అత్తలు కోడళ్లకి నేర్పేది అదే. ఎంతసేపు మోగితే అంత మంచిది. గిన్నెకి మంచిదైంది క్రాష్‌కి చెడ్డదవుతుందని ధర్మేంద్రకి ఎవరు చెప్పాలి? "ఔను మావా! పలసటిది డొల్లే" అన్నాడు వాడు. కొట్టాయన కూడా, ఖరీదైనది పోతుంటే వద్దంటాడా, "అది పెద్ద స్టేజీలకి సార్" అని వంత పాడాడు.

ఫిన్నీ మందపు ప్లేటు కేసి చూశాడు. తర్వాత బావ కేసి చూశాడు. "బావ సెప్పినాక మరేటున్నాది! అదే తీసుకో" అన్నాడు.

తిరుగు రైల్లో ప్లేటు శాంతికుమార్ ఒళ్లోనే ఉంది. ఫిన్నీ కిటికీ పక్కన కూర్చుని, బావకి పల్లీలు వొలిచి ఇచ్చాడు. శాంతికుమార్ తిన్నాడు కూడా.

మర్నాడు గొడౌన్లో పరీక్ష. మొదట ఫిన్నీ. పాట బాగానే ఎత్తుకున్నాడు. మలుపులో క్రాష్ మీద పుల్ల తగిలించాడు. ఠంగ్! బడి గంట. రెండో మలుపులో ఇంకాస్త గట్టిగా కొట్టాడు. మళ్లీ ఠంగ్. మూడోసారి భుజమెత్తి కొట్టాడు, ఈసారి మోగింది గానీ, భుజం ఎత్తి దించేలోపల కాళ్ల లెక్క తప్పింది. పాట మధ్యలో కూలిపోయింది. ధర్మేంద్ర పెదవి విరిచాడు. ఆ విరుపు చూస్తే శాంతికుమార్‌కి, అబ్బ, మండు వేసవిలో చల్లటి మజ్జిగ గొంతు దిగినట్టు!

తర్వాత తను కూర్చున్నాడు. భుజం లేపి ఒక్కటిచ్చాడు. ఝా..మ్! చేల గట్టు మీదున్న గణపతిరావు ఏం కూలిపోయిందోనని పరిగెత్తుకొచ్చాడు. "మావా, నీ సెయ్యే సెయ్యి!" అని ధర్మేంద్ర వాటేసుకున్నాడు. ఫిన్నీ అందరికంటే గట్టిగా ఈల వేశాడు.

పోటీలో ప్రైజు రాలేదు లెండి. డ్రమ్ములు గట్టిగానే ఉన్నాయి, గిటారూ పాటా ఏదీ వినపడలేదన్నారు జడ్జీలు. ఆ ప్లేటు ఒకసారి మోగితే తర్వాతి నాలుగు దెబ్బల్నీ మింగేస్తోంది మరి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ధర్మేంద్ర మైకులవాణ్ణి తిట్టి ఊరుకున్నాడు. శాంతికుమార్‌కి ప్రైజు గొడవ పట్టలేదు. కాలేజీ పిల్లలు గంతులేశారు, తన పేరు పెట్టి అరిచారు, స్టూలు తనదే. స్టాండులు మోసింది ఫిన్నీ. పాటకీ పాటకీ మధ్య తువ్వాలు అందించింది ఫిన్నీ.

అంతా అనుకున్నట్టే అయింది. ఇంక హాయిగా ఉండాలి కదా?

ఫిన్నీ డ్రమ్ములు మానేశాడు. గొడౌనుకి రావడం మానేశాడు. శాంతికుమార్‌కి ఆదివారం షిఫ్టు పడితే గుళ్లో స్టూలు ఖాళీగా ఉండేది, పాస్టరుగారు పిలిచినా వాడు లేవలేదు. బల్ల మీద వేళ్లు కదలడం ఆగిపోయింది. కంచం మీద కూడా టక్కుమనిపించడం లేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, శాంతికుమార్‌కి తన నమలడం తనకే వినబడేది.

"వాడికేటైనాదండీ?" అంది రూబీ ఓ పూట, బియ్యం ఏరుతూ. "అడిగితే, నా సెయ్యి పనికిరాదక్కా, బావ ముందు నేనెంత అన్నాడు. మీరే ఓ మాట సెప్పండి. మీ మాటంటే వాడికి వేదం."

ఈ మాట వినాలనే కదా ఇంత చేసింది! విన్నాడు. చేదుగా ఉంది. "తప్పు నీ చేతిది కాదురా, ప్లేటుది" అని ఒక్క ముక్క చెబితే చాలు. చెబితే ఆ ప్లేటు ఏరినవాడెవడూ, ఎందుకేరాడూ అన్నది వెనకే వస్తుంది. నాలిక చివరిదాకా వచ్చిన మాటని ఎన్నిసార్లు మింగాడో! మింగినప్పుడల్లా, "వాడికేం, కుర్రాడు, ఇంకో పని చూసుకుంటాడు" అని సర్ది చెప్పుకునేవాడు. అంతలో వాడి మణికట్టు గుర్తొచ్చేది. మళ్లీ కడుపు మండేది. మంట ఆరడానికి వాణ్ణి స్టూలు దింపాడు గానీ, దిగినా ఆ చెయ్యి వాడి దగ్గరే ఉంది కదా!

అప్రెంటిసు అయిపోయింది. నరసన్నపేటలో చిన్నాన్నకి మోటార్ల కొట్టుంది, అందులో చేరతానన్నాడు ఫిన్నీ. రెండు కాళ్లతో తొక్కే తన పెడలు బావకి వదిలేశాడు. "నువ్వు వాడుకో బావా, నాకెందుకు" అన్నాడు. రైలెక్కించడానికి శాంతికుమారే వెళ్లాడు. సాయంత్రం పాసింజరు ఆలస్యం. ఇద్దరూ సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. దూరంగా సిగ్నలు పడ్డాక, ఇంక తప్పదని శాంతికుమార్ నోరు విప్పాడు. అప్పటికీ సగమే విప్పాడు.

"ఒరే ఫిన్నీ, ఆ ప్లేటు మందం రా. నీ సేతికి సరిపడింది కాదు. నీ సెయ్యి మంచిదే. మానకు."

"తెలుసు బావా."

"ఏటి తెలుసు?"

"కొట్లోనే తెలుసు." వాడు సంచి పట్టీ సరిచేసుకుంటున్నాడు. "నీకూ తెలుసని తెలుసు. నా పలసటి ప్లేటు కొట్టినప్పుడు నీ ముఖం సూసినాను గదా. ఎంత బాగుందో! తర్వాత అది పక్కనెట్టి మందపుది తీసినావు."

శాంతికుమార్ ముఖం పట్టాల కేసి తిప్పుకున్నాడు. "మరి... ధర్మేంద్రకి సెప్పీవలసింది గదరా!"

"సెప్తే నలుగుర్లో నీ పరువు తీసినట్టవుతాది. నాకు పుల్లలు పట్టడం నేర్పినోడివి. అక్క అడిగినా అందుకే అలా అనీసినాను." ఫిన్నీ లేచాడు. రైలు వస్తోంది. "స్టూలు గావాలంటే అడిగితే లేసిపోదును బావా. ఇప్పుడు కూకుంటే ఆ ముఖమే గుర్తొస్తన్నాది. సెయ్యి ఆడట్లేదు."

కోపంగా అనలేదు. ఏడుస్తూ అనలేదు. మామూలుగా అన్నాడు. వంగి బావ కాళ్లకి దణ్ణం పెట్టి, "అక్కని సూసుకో" అని పెట్టె ఎక్కాడు. తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు, రైలు మలుపు తిరిగేదాకా.

సిగ్గుతో చచ్చిపోవాలి కదా మనిషి! సిగ్గూ వచ్చింది, రాలేదనను. కానీ దాని కంటే ముందు, ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా నిలబడ్డ శాంతికుమార్ గుండెల్లో భగ్గుమన్నది పాత మంటే. చెయ్యి వాడికిచ్చావు, చెవి వాడికిచ్చావు. ఇంత మోసం చేసినవాణ్ణి ఇలా క్షమించి వెళ్లే మనసుందే, దేవుడా, అదీ వాడికేనా?